నడిపిదానికి రెండు ఫ్యాన్లు

"నడిపిది మరీ బాగా వచ్చింది," అన్నాడు లియావ్. ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టుంది అతని మొహం.

బల్ల మీద మూడు ల్యాప్‌టాప్‌లు వరసగా తెరిచి ఉన్నాయి. వాటికి పెట్టాల్సిన పేర్లు పైఅంతస్తు వాళ్లు ఇంకా తేల్చలేదు. అందుకని ఆఫీసులో అందరూ వాటిని పెద్దక్క, నడిపిది, చిన్నది అనే పిలుస్తున్నారు. పెద్దక్క అరిటాకంత పల్చన. ధర నడిపిదానికి దాదాపు రెట్టింపు. కిటికీ అవతల నైహూ పేట వీధుల మీద, అక్కడివాళ్లు రేగుపళ్ల వాన అనే ముసురు, మూడు రోజులుగా ఒకే ధారగా పడుతోంది.

"బాగా వస్తే ఏడుస్తావేంటి?" అన్నాడు చ్యూ. మూడింటికీ లోపల గాలి ఎటు తిరగాలో, వేడి ఎటు పోవాలో గీసిన మనిషి అతను. లియావ్‌తో పాటే ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాడు. లియావ్ ఈ మూడు మోడళ్లకీ అధిపతి అయ్యాడు. చ్యూ జుట్టు మాత్రం నెరిసింది.

"నవ్వమంటావా? పెద్దక్క కాసేపు పరిగెత్తి, వేడెక్కి, నడక మొదలుపెడుతోంది. నడిపిది పరిగెడుతూనే ఉంది. ఈ సంగతి బయటికి పొక్కితే పెద్దక్కని ఎవడు కొంటాడు?"

"అయితే పెద్దక్కని బాగు చేద్దాం. కాస్త మందం ఇవ్వు. నడిపిదానికి పెట్టిన ఫ్యాన్లే దానికీ పెడతాను."

"మందమా! పల్చదనమేగా దాని బతుకు. పోస్టర్లు అచ్చయిపోయాయి నాయనా."

"పోస్టరు కోసం కంప్యూటరు చేస్తున్నామా మనం?"

"కాదు, జీతం కోసం చేస్తున్నాం. నీక్కూడా వస్తోందిగా?" లియావ్ నడిపిదాన్ని వెనక్కి తిప్పి, వేడి గాలి బయటికొచ్చే సందుల మీద వేలు పెట్టాడు. "దీంట్లో రెండు ఫ్యాన్లున్నాయి. ఒకటి తీసెయ్."

చ్యూ ముందు టీ గ్లాసుంది. మూత మీద అంటించిన చీటీని గోటితో గీకాడు. సగం చక్కెర, ఐసు తక్కువ.

"వీధి చివర టీ కొట్టు పిల్ల నయం," అన్నాడు. "చక్కెర ఎంత, ఐసు ఎంత అని అడిగి మరీ పోస్తుంది. మనం మాత్రం చక్కెర కావాలంటే ఐసు ఉండదంటాం. రెండూ కావాలంటే గ్లాసుకి చిల్లు పెట్టి ఇస్తాం."

లియావ్ బల్ల చివరికి చూశాడు. అక్కడ రూయీ కూర్చుని ఉంది.

వేడి పరీక్షల ల్యాబ్ రూయీది. ఆమె సంతకం లేనిదే ఫ్యాక్టరీలో ఒక్క మర కూడా బిగించరు. ఎవరి మొహమో చూసి ఆమె అంకె మార్చిందని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. ఆ కంపెనీలో ఆమెకున్న ఆస్తి అదొక్కటే. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఒక్క ఫ్యాన్‌తో పరీక్ష చేస్తాను," అంది. "అడుగు భాగం వేడి హద్దు దాటకపోతే సంతకం పెడతాను. దాటితే పెట్టను."

"అంతేగా," అన్నాడు లియావ్.

"అంతే సార్."

మర్నాడు పొద్దున్న చ్యూ తనే ఫ్యాన్ తీశాడు. సహాయకులను దగ్గరికి రానివ్వలేదు. అడుగు రేకు ఊడదీసి, మరలను అవి ఉన్న వరసలోనే అయస్కాంతం చాప మీద పేర్చాడు. ఫ్యాన్ రెక్కల్ని చిటికెన వేలితో ఒకసారి తిప్పి, ఆగేదాకా చూసి, తీగ ఊడబెరికాడు. ఖాళీ అయిన చోట నల్లటి ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. అది సరిగ్గా ఇమడలేదు. అంచు గీకి మళ్లీ పెట్టాడు.

"ఈ ముక్క చెయ్యడానికయ్యే ఖర్చెంతో తెలుసా అమ్మాయ్? ఫ్యాన్ ఖర్చుకి కాస్త తక్కువ. ఫ్యాన్ లేదని తెలియకుండా ఉండటానికి ఇది."

వేడి కొలిచే జుట్టంత సన్నటి తీగల్ని రూయీ చిప్పు పక్కన, అడుగు రేకు మీద, చేతులు ఆనే చోట పసుప్పచ్చ టేపుతో అంటిస్తోంది. టేపు కింద గాలి బుడగ ఉంటే అంకె తప్పు వస్తుంది. ప్రతి ముక్కనీ బొటనవేలితో మెల్లగా నొక్కుతోంది.

ఆమె వెనక అరలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. అది పోయినేడాది వచ్చిన చిన్నది. తైచూంగ్ ఊరి నుంచి తిరిగొచ్చింది. దాన్ని వాడిన కాలేజీ పిల్ల తొడ మీద అరచేయంత మేర కాలి బొబ్బలెక్కింది. విప్పితే సందుల నిండా దుప్పటి నూగు, గులాబీ రంగుది. ఆ మోడల్ పరీక్షలో నెగ్గింది. ఆ సంతకం రూయీదే. అంకె తప్పు కాదు. కానీ ఆ పరీక్ష నున్నటి బల్ల మీద జరిగింది. రూయీ ఆ యంత్రాన్ని చెత్తలో వెయ్యలేదు, నూగూ దులపలేదు.

"నువ్వు ఏదైనా చెయ్యొచ్చుగా," అన్నాడు చ్యూ గొంతు తగ్గించి. "ఒక తీగ కాస్త వేడి వైపు జరిపి అంటిస్తే..."

"అన్నా."

"సరే సరే. అనలేదనుకో."

అప్పుడే లియావ్ వచ్చాడు. చేతిలో ఆకుపచ్చ పొట్లం.

కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి అది. పేరుకి అర్థం బుద్ధిగా ఉండమని. ఆ ఆఫీసులో సర్వర్ల మీద, ప్రింటర్ల మీద, లిఫ్టు మోటారు గదిలో, ఎక్కడ చూసినా, యంత్రాలు మొరాయించకుండా అదే కాపలా. ఆకుపచ్చదే ఉండాలి. పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది, ఎర్రది పెడితే మండిపోతుంది. గడువు తేదీ దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, డ్యూటీలో ఉన్న పొట్లాన్ని విప్పి తినకూడదు. తింటే దాని ఉద్యోగం పోయినట్టే, అప్పటిదాకా అది చేసిన పనేదీ లెక్కలోకి రాదు. రూయీ ల్యాబ్‌లో యంత్రాల్ని వేడిలో పెట్టి పరీక్షించే చాంబర్ పైకప్పు మీద కూడా ఒకటుంది. ఆమే పెట్టింది.

"అక్కడొకటుంది కదా సార్," అంది.

"అది చాంబర్‌కి. ఇది నడిపిదానికి." లియావ్ చాంబర్ తలుపు తీసి లోపలికి వంగాడు. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ వెనక పొట్లాన్ని నిలబెట్టి, బొమ్మ యంత్రం వైపు ఉండేలా తిప్పాడు. అది వాలబోతే అడుగు నొక్కి సరిచేశాడు.

"లోపలెందుకు సార్? బయట పెట్టండి."

"బయట పెడితే లోపలున్నదానికి ఎలా వినబడుతుంది?"

చ్యూ పకపకా నవ్వాడు. "విను నడిపీ, సారు చెబుతున్నారు. ఒక ఊపిరితిత్తి కోసేశాం, బుద్ధిగా పరిగెత్తు."

"నోరు మూసుకో ముసలాడా," అన్నాడు లియావ్, తనూ నవ్వుతూనే. తలుపు వెయ్యబోయే ముందు రెండు చేతులూ జోడించాడు. అందులో ఎగతాళి లేదు.

పొట్లానికీ గాలి సందులకీ మధ్య జానెడు ఎడం ఉంది. రూయీ కంటితో కొలుచుకుంది. ఫరవాలేదనుకుంది. మీట నొక్కింది.

లియావ్ మీటింగుకి వెళ్లాడు. చ్యూ అక్కడ ఉండలేక, కిందికెళ్లి సిగరెట్టు తాగొస్తానన్నాడు. అతను సిగరెట్లు మానేసి చాలా కాలమైంది.

చాంబర్ వేడెక్కింది. నడిపిది తన పూర్తి బలంతో లెక్కలు చేసుకుంటూ పోతోంది. ఉన్న ఒక్క ఫ్యాన్ గొంతు పెరిగి, కీచుమనే దాకా వెళ్లి అక్కడ నిలిచింది. అంకెలు మెట్టు మెట్టుగా ఎక్కి, హద్దుకి కాస్త దిగువన నెమ్మదించాయి. రూయీ చూస్తోంది. ఇలాగే ఉంటే దాటదు. నెగ్గుతుంది. రేపు ఆ ప్లాస్టిక్ ముక్కల్ని లక్షల్లో పోతపోస్తారు.

గాజు కిటికీలోంచి లోపలికి చూసింది.

పొట్లం ఉబ్బింది. లోపలి గాలి వేడెక్కి, ముడతలన్నీ విచ్చుకుని తలగడలా తయారైంది. అడుగు భాగం గుండ్రమయ్యేసరికి నిలబడలేక ఊగుతోంది. ఆమె చూస్తుండగానే మెల్లగా ముందుకి వాలింది. నడిపిదాని వీపుకి ఆనుకుని, సందుల్ని పొట్టతో మూసేసింది.

రూయీ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది.

తలుపు తీసి, పొట్లం తీసి పక్కన పడేసి, మళ్లీ మొదటినుంచి పెట్టాలి. అదే పద్ధతి. పిడి చల్లగా ఉంది. అంకె హద్దుని తాకింది. ఆమె పిడి పట్టుకునే ఉంది. అంకె హద్దు దాటింది. ఇంకా ఎక్కింది. ఎర్ర దీపం వెలిగాక చెయ్యి వెనక్కి తీసుకుని, తెల్లకోటు జేబులో పెట్టుకుంది.

లియావ్ వచ్చేసరికి చాంబర్ చల్లారుతోంది. పొట్లం మళ్లీ ముడతలు పడి, ల్యాప్‌టాప్ వెనక బోర్లా పడి ఉంది.

"పడిపోయిందే!"

రూయీ తెర మీద గీత చూపించింది. లియావ్ ఆ గీతని చాలాసేపు చూశాడు. తర్వాత పొట్లాన్ని తీసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గడువు తేదీ చూశాడు. వెలుగులో పెట్టి రంగు చూశాడు. వేలితో తట్టి చిల్లు పడిందేమోనని చూశాడు.

"తేదీ బానే ఉంది," అన్నాడు. "రంగు బానే ఉంది. ఇంత చేసినా వినలేదంటే దానికి నిజంగానే చేతకాదన్నమాట."

ఆమె నోరు తెరిచింది. అతను అప్పటికే ఫోన్ తీశాడు. "పైకి చెప్పేస్తాను. రెండు ఫ్యాన్లూ ఉండనీ. ఎవరి రాత ఎలా ఉంటే అలా అవుతుంది."

సాయంత్రం చ్యూ పెద్ద గ్లాసు టీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మూత మీద చీటీ నిండు చక్కెర అంటోంది.

"ఇవాళ సగం సగం తాగడానికి వీల్లేదు," అన్నాడు. ఆమె మొహం చూసి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది అన్నా." గొట్టం గుచ్చి తాగింది. గొంతు పట్టేసేంత తీపి.

మర్నాడు ల్యాబ్‌లోకి ఎవరూ రాకముందే ఆమె అదే యంత్రాన్ని, అదే ఒక్క ఫ్యాన్‌తో, పొట్లం లేకుండా చాంబర్‌లో పెట్టింది. అంకె హద్దుకి కాస్త దిగువన ఆగింది. అక్కడే ఉండిపోయింది. నెగ్గింది.

తర్వాత కింది అంతస్తులోని విశ్రాంతి గది నుంచి దుప్పటి తెచ్చి, మడత పెట్టి, యంత్రాన్ని దాని మీద ఉంచి మళ్లీ పెట్టింది. అంకె నిన్నటి చోటికే వెళ్లింది. ఆ రెండు గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తేడా దాదాపు లేదు.

ఆ రోజు చాంద్రమాసంలో పదహారో రోజు. భవనం ముందు తాటిపత్రి పందిరి కింద భూదేవత పూజకి బల్లలు వేశారు. పళ్లు, బిస్కెట్లు, పెప్సీ సీసాలు. వాన తుంపర్లలో దేవుడికి కాల్చే కాగితం డబ్బు సరిగా అంటుకోక పొగలేస్తోంది. లియావ్ అగరొత్తులు గుచ్చి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా రూయీ.

"సార్, నిన్నటి అంకె తప్పు."

"ఏ అంకె?"

"నడిపిదానిది. మీ పొట్లం వేడికి ఉబ్బి సందులకి అడ్డం పడింది. నేను కిటికీలోంచి చూశాను. తలుపు తియ్యలేదు." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "పొట్లం లేకుండా ఇవాళ చేశాను. నెగ్గింది."

లియావ్ చుట్టూ చూశాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని స్తంభం వెనక్కి తీసుకెళ్లాడు.

"నువ్వేనా ఈ మాట చెబుతున్నది? రూయీవేనా?"

"నేనే సార్."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్? పైకి వెళ్లి, అయ్యా, పరీక్ష చాంబర్‌లో నేనే చిరుతిండి పెట్టాను, అది అడ్డం పడిందని చెప్పనా? వాళ్లూ పెట్టుకుంటారు పొట్లాలు. కానీ నన్ను చూసి ఏడాది పొడుగునా నవ్వుతారు. ఏడాది చివరి విందులో పాట కట్టి పాడతారు." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "వద్దు. అంకె అలాగే ఉండనీ. నువ్వేం చూడలేదు."

"అది కుదరదు సార్. అంకె ఉండాలంటే దానికో అర్థం ఉండాలి."

"అంటే?"

"మన పిల్లలు వీటిని మంచం మీద పెట్టుకుని వాడతారు. పొట్లం చేసిందీ, దుప్పటి చేసేదీ ఒకటే పని. నేను కొలిచాను. పొట్లం కూడా పరీక్షలో భాగమని రాద్దాం. వెనక అడ్డం ఉన్నప్పుడు వేడి ఎంత, అని. అప్పుడు నిన్నటి అంకె అబద్ధం కాదు." ఊపిరి తీసుకుంది. "కాకపోతే మూడింటికీ చెయ్యాలి. నడిపిదానికొక్కదానికే కాదు."

లియావ్ ఆలోచించాడు. మొహం కాస్త తేలికపడింది.

"పెద్దక్కకి కూడానా? చెయ్యి. అంత డబ్బు పోసి చేసింది, ఒక చిరుతిండి పొట్లానికి భయపడుతుందా?"

బల్ల మీది పళ్లలోంచి జామకాయ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నిజం చెప్పినందుకు. ఇంకెప్పుడూ చెప్పకు."

ఆ మధ్యాహ్నమే పెద్దక్క చాంబర్‌లోకి వెళ్లింది. వెనక అదే ఆకుపచ్చ పొట్లం. లియావ్ మీటింగు మానుకుని వచ్చి, గాజు కిటికీ ముందు రూయీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టేశాడు.

పల్చటి యంత్రంలోని పల్చటి ఫ్యాన్లు సన్నగా ఈలవేశాయి. పొట్లం ఉబ్బింది. ఊగింది. ముందుకి వాలింది. లియావ్ తన కళ్లతో చూశాడు.

పెద్దక్క అంకె మెట్టు మెట్టుగా ఎక్కలేదు. ఒక్కసారిగా లేచింది. నడిపిది ఒక్క ఫ్యాన్‌తో పడిన తంటా కూడా ఇది పడలేదు. ఎర్ర దీపం వెలిగినప్పుడు లియావ్ ఇంకా కాలు మీద కాలు వేసుకునే ఉన్నాడు. మెల్లగా దించాడు.

"ఎక్కడ?" అన్నాడు.

"అడుగున. సరిగ్గా తొడ ఆనే చోట."

ల్యాబ్ కిటికీ బయట ఎం.ఆర్.టి. రైలు స్టేషను గోడ మీద పెద్దక్క పోస్టరు అంటిస్తున్నారు. అందులో ఒక అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని, ల్యాప్‌టాప్ దుప్పటి మీద పెట్టుకుని నవ్వుతోంది.

రూయీ ఆ పోస్టరు చూసింది. లియావ్ కూడా చూశాడు.

"పొట్లాన్ని పరీక్షలోంచి తీసేద్దాం," అన్నాడు చివరికి.

"తీసేస్తే నడిపిదాని అంకె కూడా పోతుంది సార్. ఒక్క ఫ్యాన్ చాలన్నమాట."

"ఉంచితే?"

"పెద్దక్క ఫ్యాక్టరీకి వెళ్లదు."

తలుపు దబాల్న తెరుచుకుంది. చ్యూ. చొక్కా తడిసిపోయింది, గొడుగు మర్చిపోయినట్టున్నాడు.

"వెళ్లిపోయింది!" అన్నాడు. "నడిపిదానికి ఫ్యాన్ల ఆర్డరు. రెండేసి. నా కళ్లతో చూశాను. లియావ్, నువ్వు మనిషివేరా. రూయీ, అమ్మా, నీకు రోజూ నిండు చక్కెరే..." ఇద్దరి మొహాలూ చూసి ఆగాడు. "ఏమైంది?"

"ఏం కాలేదు," అన్నాడు లియావ్.

లేచి చాంబర్ తలుపు తీశాడు. వేడి గాలి ముగ్గురి మొహాలకీ కొట్టింది. లోపలికి చెయ్యి పెట్టి పొట్లం తీశాడు. అది ఇంకా కాస్త ఉబ్బే ఉంది. రెండు చేతులతో పై అంచు పట్టుకుని, చించేశాడు.

చ్యూ నోరు తెరిచాడు. "ఒరేయ్, డ్యూటీలో ఉన్నదాన్ని..."

"దీని డ్యూటీ అయిపోయింది." లియావ్ ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. "ఇది పని చెయ్యలేదు. నిన్నా చెయ్యలేదు, ఇవాళా చెయ్యలేదు. నడిపిది రెండు ఫ్యాన్లతో పోతుంది. పెద్దక్క ఉన్నది ఉన్నట్టు పోతుంది. మీకేమైనా అభ్యంతరమా?"

"నాకెందుకు అభ్యంతరం!" అన్నాడు చ్యూ. చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకున్నాడు. "నా ఫ్యాన్లు నాకుంటే నువ్వు డబ్బాలో సముద్రం అమ్ముకో."

పొట్లం రూయీ వైపు తిరిగింది.

లియావ్ బతిమాలలేదు, బెదిరించలేదు. టీ కొట్టు పిల్ల గ్లాసు అందించినంత మామూలుగా పట్టుకున్నాడు. కొబ్బరి వాసన వచ్చింది. చ్యూ నములుతూ ఆమె వైపే చూస్తున్నాడు. అతని గడ్డం మీద పసుప్పచ్చ పొడి. కళ్లలో ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ చూడని సంతోషం. తను కాదంటే ఆ ఆర్డరు సాయంత్రానికి వెనక్కి వస్తుంది. ఆ నల్ల ముక్క అచ్చు తయారవుతుంది.

ఆమె వెనక అరలో గులాబీ నూగుతో ఆ పాతది ఉంది. అటు తిరగలేదు.

కుడిచెయ్యి తెల్లకోటు జేబులో ఉంది. కాసేపు అక్కడే ఉంచింది. తర్వాత బయటికి తీసి, పొట్లంలో పెట్టి, ఒక్క ముక్క తీసుకుంది. వేడికి మెత్తబడిపోయింది. నమిలితే చప్పుడు రాలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు లియావ్.

"బానే ఉంది సార్," అంది రూయీ. తెల్లకోటుకి వేళ్లు తుడుచుకుని, రెండింటికీ సంతకం పెట్టడానికి కలం అడిగింది.